ఆ మాట బ్రహ్మంగారు చెప్పలేదు!

"రాయలసీమ రాష్ట్రం వచ్చి తీరుతుందని మూడు వందల ఏళ్ల కిందటే బ్రహ్మంగారు చెప్పినారు!!"

బ్రహ్మంగారిమఠంలో బస్సు దిగి మఠం వైపు నడుస్తూంటే మా చేతిలో పెట్టిన కరపత్రంలో మొదటి వాక్యమిది. ఈ కరపత్రం వేయించింది మన ఉద్యమాన్ని ఎగతాళి చేయాలనుకున్న వాళ్లెవరో కాదు. మన పిల్లలే. డిగ్రీ చదువుకుంటూ, బస్సు చార్జీల డబ్బులు మిగుల్చుకుని, ప్రొద్దుటూరులో అచ్చు వేయించుకొచ్చారు. వాళ్ల శ్రమను మేము చిన్నచూపు చూడటం లేదు. ఎండలో నిలబడి వెయ్యి కాగితాలు పంచడం, చల్లటి గదుల్లో కూర్చుని సీమ కోసం కన్నీళ్లు కార్చేవాళ్లకు చేతనవుతుందా?

కానీ టీ అంగడి దగ్గర కూర్చున్న ఒక పెద్దాయన ఆ కాగితం చదివించుకుని, బీడీ పక్కన పెట్టి, ఒకే ఒక ప్రశ్న వేశాడు.

"రాయలసీమ అనే మాట బ్రహ్మంగారికెట్ల తెలుసు నాయనా? మా తాత కాలంలో గూడ దత్తమండలమనే అంటాండ్రి గదా!"

"బ్రహ్మంగారికి తెలీనిదేముంది తాతా?" అన్నాడు మన కుర్రాడు.

అంగడి అంతా నవ్వింది. కుర్రాడూ నవ్వాడు. మాకు మాత్రం నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఎందుకంటే ఆ పెద్దాయన అడిగింది అక్షరాలా నిజం. మఠం సంప్రదాయం ప్రకారం వీరబ్రహ్మేంద్రస్వామి కందిమల్లాయపల్లెలో సజీవసమాధి అయింది 1693లో. నిజాము ఈ జిల్లాలను కుంఫిణీ వాళ్లకు ధారపోసింది 1800లో. అప్పటి నుంచి మనం సీడెడ్ జిల్లాల వాళ్లం, దత్తమండలాల వాళ్లం. దత్తత పోయిన బిడ్డల్లాంటి ఈ పేరు మనకొద్దు, 'రాయలసీమ' అని పిలుచుకుందామని చిలుకూరి నారాయణరావు ప్రతిపాదించింది 1928లో, నంద్యాల ఆంధ్రమహాసభలో. (దీన్ని కూడా మన వేదికల మీద గాడిచర్ల హరిసర్వోత్తమరావు ఖాతాలో వేస్తుంటారు. గాడిచర్ల మహానుభావుడే. ఆయన గొప్పతనానికి ఇంకొకరి మాట అరువు తేవాల్సిన పనిలేదు.) అంటే సమాధిలోకి వెళ్లిన 235 ఏళ్ల తర్వాత పుట్టిన మాటను స్వామి నోట్లో పెట్టాం. అక్బరు చక్రవర్తి బీర్బలుకు సెల్‌ఫోన్ చేశాడన్నట్టు ఉంది!

తప్పుమాట చెబితే నవ్వుతారు, అంతే కదా, దీనికింత రాద్ధాంతమెందుకు అని మీరడగొచ్చు. నవ్వుతోనే మొదలుపెడదాం.

తిరగబడ్డ సామెతలు

మేము కొన్నేళ్లుగా సభలకు పోయినప్పుడల్లా నోటుబుక్కు చివరి పేజీలో ఒక జాబితా రాసుకుంటున్నాం. వేదిక మీద తిరగబడ్డ సామెతల జాబితా అది. మైకు చేతికి రాగానే మన వాళ్లకు సామెత చెప్పకపోతే ఉపన్యాసం ఉప్పులేని సంగటిలా అనిపిస్తుంది. సామెత సగం గుర్తొస్తుంది, మిగతా సగం నోటికొచ్చినట్టు దొర్లుతుంది.

ఒకాయన గొంతు చించుకుని "ఆకులు కాలినాక చేతులు పట్టుకుని ఏం లాభం?" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ముందు వరసలో కూర్చున్న ఒక ఆడమనిషి మాత్రం కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఆ రాత్రంతా మేము ఆ మాట గురించే ఆలోచించాం. తప్పెక్కడుంది? అయిదేళ్లు ఒకరినొకరు తిట్టుకుని, ఊళ్లలో కార్యకర్తల తలలు పగిలాక, అడవికి అడవి ఆకులన్నీ కాలినాక, ఎన్నికల ముందు వేదికెక్కి చేతులు పట్టుకుని పైకెత్తేది ఎవరు? పొత్తు అనే మాటకు ఇంతకన్నా మంచి అర్థం ఏ నిఘంటువులో దొరుకుతుంది?

ఇంకొకాయన ఢిల్లీలో మన ఎంపీల ప్రతాపం గురించి చెబుతూ "కూత కొంచెం, పిట్ట ఘనం" అన్నాడు. పొగుడుదామనే అన్నాడు పాపం. నోరుజారి చరిత్ర చెప్పేశాడు. తెల్లచొక్కాలు, ముందొక కారు వెనకొక కారు, భుజాన శాలువా... పిట్ట ఘనమే. పార్లమెంటులో సీమ నీళ్ల గురించి ఆ పిట్ట కూసిన కూతను లెక్కపెట్టమనండి.

పార్టీ మారినాయన ఒకడు "కాలు కడగనేల, అడుసు తొక్కనేల" అన్నాడు. సరిగ్గా అదే చేశాడు. కాళ్లు శుభ్రంగా కడుక్కుని మరీ పోయి అడుసులో దిగాడు.

అన్నిటికన్నా మాకు నచ్చింది జమ్మలమడుగు వైపు విన్నది. "ఎలుకను తవ్వి కొండను పట్టినట్టు" అన్నాడు ఒక యువనాయకుడు. సీమలో గనుల కథ తెలిసినవాళ్లు ఈ సామెతను దిద్దరు. కాగితాల్లో చూపించింది ఎలుక బొరియంత. లారీల్లో పోయింది కొండ.

ఇట్లాంటి తప్పుల వల్ల ఎవరికీ నష్టం లేదు. అసలు సామెత ఊరందరికీ తెలుసు కాబట్టే నవ్వొస్తుంది. పెద్దబాలశిక్ష చదవని అవ్వ కూడా మనసులోనే దిద్దుకుంటుంది. చెప్పినవాడి పరువు కాస్త పోతుంది, సామెత పరువు పోదు. 'గాడిద గుడ్డు' అనే మాట ఇంగ్లీషులో 'గాడ్ ది గుడ్' నుంచి పుట్టిందని సెల్‌ఫోన్లలో తిరిగే కథ కూడా ఈ కోవలోదే. గాడిద గుడ్డు పెట్టదు కాబట్టే ఆ మాట పుట్టింది. దానికి ఇంగ్లీషు తండ్రిని వెతకాల్సిన అవసరం లేదు. అయినా చదివి నవ్వుకుంటాం, వదిలేస్తాం.

అసలు మాట ఎవరికీ తెలియని చోటే ప్రమాదం మొదలవుతుంది.

అన్నీ స్వామి ఖాతాలోనే

బ్రహ్మంగారి విషయంలో జరిగింది అదే. బనగానపల్లెలో గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువులు కాసుకుంటూ, రవ్వలకొండ గుహలో కూర్చుని కాలజ్ఞానం రాశాడని చెప్పుకునే ఆ మహానుభావుడు, దూదేకుల సిద్దయ్యను శిష్యుడిగా చేరదీసి కులమతాల గోడలు దాటినవాడు. ఆ గుణాన్ని మనం గుర్తుపెట్టుకున్నామా? లేదు. ఆయన్ని గుర్తుచేసుకునేది ఏదైనా వింత జరిగినప్పుడే. పంది కడుపున వింత పిల్ల పుడితే బ్రహ్మంగారు చెప్పినారు. ఉల్లిగడ్డ ధర పెరిగితే బ్రహ్మంగారు చెప్పినారు. సినిమావాళ్లు రాజ్యమేలితే బ్రహ్మంగారు చెప్పినారు. 1984లో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా ఉంటూ బ్రహ్మంగారి వేషం వేసిన సినిమా వచ్చాక, తాళపత్రంలో ఉన్నదేదో, సినిమా పాటలో ఉన్నదేదో, పక్కింటాయన చెప్పిందేదో విడదీయడం ఎవరి తరమూ కాకుండా పోయింది. 2020లో కరోనా వచ్చినప్పుడు చూశాం కదా. ఆ జబ్బు పేరుకు దగ్గరగా ధ్వనించే మాట ఒకటి పెట్టి, కోటిమందికి తగులుతుందంటూ ఒక పద్యం సెల్‌ఫోన్లలో ఊరూరా తిరిగింది. దాని కింద స్వామి పేరు. ఏ ప్రతిలో ఉంది, ఎన్నో పుట అని అడిగినవాడు లేడు. అడిగితే అపచారమట! స్వామి అనని మాటను స్వామి అన్నాడనడం అపచారం కాదట!

పైగా ఈ అలవాటులో మనల్ని ముంచే గుణం ఒకటుంది. జరిగిపోయాక 'ముందే రాసిపెట్టి ఉంది' అనుకుంటే మనం చేయాల్సిన పనేమీ మిగలదు. కరువు రాసిపెట్టి ఉంది, వలస రాసిపెట్టి ఉంది, బోరు ఎండిపోవడం రాసిపెట్టి ఉంది. మఠం ఉన్న మండలంలోనే స్వామి పేరు పెట్టుకున్న బ్రహ్మంసాగర్ ఉంది. తెలుగుగంగలో భాగం, పదిహేడు టీఎంసీలు పట్టే జలాశయం. అది నిండని ఏడాది మన రైతు ఆకాశం వైపు చూసి నిట్టూర్చాడు. ఆ నీళ్లు శ్రీశైలం నుంచి పోతిరెడ్డిపాడు దాటి, బానకచర్ల దాటి, వెలుగోడు దాటి రావాలి. వాటిని ఎప్పుడు వదలాలో, ఎంత వదలాలో రాసేది కాలజ్ఞానంలో కాదు. ప్రభుత్వ ఉత్తర్వుల్లో! శ్రీశైలంలో నీటిమట్టాన్ని 834 అడుగులకు దించుకోవచ్చని 1996లో 69వ నంబరు జీవో రాసింది మనుషులే. 2004లో దాన్ని మళ్లీ 854 అడుగులకు పెంచుతూ 107వ నంబరు జీవో రాసిందీ మనుషులే. ఈ ఇరవై అడుగుల మధ్యే మన పైర్లు పండటమో ఎండటమో తేలిపోతుంది. మరి ఈ రెండు నంబర్లు నోటికి చెప్పగలిగిన విద్యార్థులు మీ కాలేజీలో ఎంతమంది ఉన్నారు?

మాట ఎవరిదో తేల్చుకోవడం మన నేలకు కొత్త విద్య కాదు. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన బ్రౌను దొర సంగతి చూడండి. వేమన పేరుతో ఊరికొక పద్యం, నోటికొక పాఠం తిరుగుతుంటే, ఆ దొర ఎక్కడెక్కడి తాటాకు ప్రతులూ తెప్పించి, జీతాలిచ్చి పండితుల్ని కూర్చోబెట్టి, ఒకదానితో ఒకటి పోల్చి చూపించి, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. మకుటం తగిలించగానే వేమన పద్యం అయిపోదని ఆయనకు తెలుసు. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే ఇవాళ ఆయన పేరిట గ్రంథాలయం ఉంది. పరాయి దొర మన పద్యం మీద చూపిన శ్రద్ధ, మన ఒప్పందాల మీద మనం చూపిస్తున్నామా?

శ్రీబాగ్‌లో ఏముంది?

ఇప్పుడు మా కడుపుమంటకు అసలు కారణం చెబుతాం.

కొంతకాలం కిందట మనవాళ్ల బృందం ఒకటి ఒక పెద్ద కార్యాలయానికి వినతిపత్రం పట్టుకుని వెళ్లింది. మేమూ వెంట ఉన్నాం. కార్యాలయం పేరు అనవసరం. వినతిపత్రం రెండో పేరాలో "శ్రీబాగ్ ఒప్పందం ప్రకారం రాజధాని రాయలసీమకే చెందాలి" అని ఉంది. ఆ అధికారి తాపీగా సొరుగులోంచి ఒక కాగితం తీశాడు. ఒప్పందం పాఠం. "ఈ మాట ఇందులో ఎక్కడుందో చూపండి" అన్నాడు. మనవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అయిదు నిమిషాల్లో బయటికొచ్చేశాం. మిగతా పదకొండు డిమాండ్లు న్యాయమైనవే. ఒక్కటీ చదవలేదు. చదవాల్సిన అవసరం ఆయనకు మనమే లేకుండా చేశాం.

అందుకే అందరం ఒకసారి నింపాదిగా చదువుకుందాం. 1937 నవంబరు 16న మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి 'శ్రీబాగ్' ఇంట్లో రాసుకున్న ఒప్పందమిది. కడప కోటిరెడ్డి, కల్లూరు సుబ్బారావు, కొండా వెంకటప్పయ్య, పట్టాభి సీతారామయ్య వంటి పెద్దలు సంతకాలు చేశారు. రాజధాని సంగతి అందులో ఏముంది? ప్రాముఖ్యమంతా ఒకే ఊళ్లో పోగుపడకూడదు. విశ్వవిద్యాలయం ఉన్నచోటే ఉండొచ్చు. రాజధాని, హైకోర్టు రెండింటినీ కోస్తా జిల్లాల్లో, రాయలసీమలో తగిన చోట్ల పెట్టాలి. ఏది కావాలో ఎంచుకునే హక్కు రాయలసీమది. ఇదీ మాట. 'రాజధాని మీదే' అని లేదు. 'ముందు మీరు కోరుకోండి' అని ఉంది. ఆలోచిస్తే ఇది మనం తప్పుగా చెప్పేదాని కన్నా బలమైన మాట. ఇచ్చింది తీసుకోవడం వేరు, కోరుకునే హక్కు వేరు. పంపకాల్లో ముందు కోరుకునేవాడి విలువ ఏమిటో అన్నదమ్ములున్న ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఉన్న బంగారాన్ని వదిలేసి, లేని ఇత్తడి కోసం మనమే ఎందుకు కేకలు పెడుతున్నాం?

నీళ్ల మాట ఇంకా గట్టిది. కోస్తా జిల్లాల స్థాయికి ఎదిగేందుకు తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్ల వాడకంలో పదేళ్ల పాటు, పరిస్థితులను బట్టి అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, ఈ ప్రాంతాలకు మేలు చేసే పెద్ద ప్రాజెక్టుల మీదే దృష్టి పెట్టాలి. నీళ్లు పంచుకోవాల్సి వచ్చినప్పుడల్లా ముందు ఈ ప్రాంతాల అవసరాలు తీరాలి. ఏ ప్రాంతాలవి? రాయలసీమ, నెల్లూరు. మన ఉపన్యాసాల్లో నెల్లూరు ఎప్పుడో మాయమైపోయింది. పక్కన నిలబడాల్సిన వాళ్లను మన నోటితో మనమే కాగితంలోంచి కొట్టేశాం.

ఇక అవతలివాళ్ల ఘనకార్యం చూడండి. "శ్రీబాగ్ పదేళ్లకే కదా, అది ఎప్పుడో చెల్లిపోయింది" అంటారు. వాక్యంలో 'పదేళ్లు' దగ్గర ఆగిపోతారు. తర్వాత ఉన్న 'అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం' అన్న ముక్క వాళ్ల కళ్లకు కనబడదు. సామెత సగం చెప్పేవాణ్ణి చూసి నవ్వుతాం. ఒప్పందం సగం చెప్పేవాణ్ణి మాత్రం మేధావి అంటున్నాం! ఇంకొందరు ఉభయుల సమ్మతితో షరతులు మార్చుకోవచ్చని ఉందిగా అంటారు. ఉంది. మేము కాదనం. 1953 అక్టోబరు 1న రాజధాని కర్నూలుకు వచ్చింది, 1954లో హైకోర్టు గుంటూరుకు పోయింది. మాట నిలబడింది. 1956 నవంబరు 1న రెండూ కలిసి హైదరాబాదుకు వెళ్లాయి. 2014 తర్వాత రెండూ కలిసి అమరావతికి వెళ్లాయి. ఈ రెండుసార్లూ సీమ జనం సమ్మతిని ఏ ఊళ్లో, ఏ తేదీన అడిగారో చెప్పండి!

'హైకోర్టు' అన్న మాటకు పట్టిన గతి మరీ విచిత్రం. 2020లో మూడు రాజధానుల చట్టం చేసినప్పుడు శ్రీబాగ్ పేరు అసెంబ్లీలో మారుమోగింది. 2021 నవంబరులో ఆ చట్టాన్నే వెనక్కి తీసుకున్నారు. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి కోసం శాసనసభ తీర్మానం చేసింది. వెంటనే "ఇక శ్రీబాగ్ అమలైనట్టే" అని కొందరు మిఠాయిలు పంచారు. అయ్యా, ఒప్పందంలో ఉన్నది హైకోర్టు. బెంచి కాదు. బెంచి వస్తే కూర్చుందాం, వద్దనం. కానీ కుర్చీ బాకీ ఉన్నవాడు బెంచీ ఇచ్చి బాకీ తీరిందంటే చెల్లుచీటీ రాసిచ్చేస్తామా?

ఇంకో సంగతి కూడా చెప్పి ఈ విషయం ముగిస్తాం. మన విద్యార్థులు కొందరు శ్రీబాగ్‌ను 'పెద్దమనుషుల ఒప్పందం' అంటున్నారు. అది వేరు. 1956 ఫిబ్రవరి 20న తెలంగాణ, ఆంధ్ర నాయకుల మధ్య కుదిరింది అది. మన ఒప్పందానికి ఇంకొకరి పేరు పెట్టి పిలిస్తే అది పలుకుతుందా?

'పరిశీలిస్తాం' అంటే 'ఇస్తాం' అని!

ఉక్కు ఫ్యాక్టరీ కథ మరీ ఘోరం. "విభజన చట్టంలో కడపకు ఉక్కు ఫ్యాక్టరీ ఇచ్చారు" అని మనవాళ్లు పదేళ్లకు పైగా గోడల మీద రాస్తున్నారు. మా పత్రికల్లో కూడా రాశాం, ఒప్పుకుంటున్నాం. 2014 చట్టం పదమూడో షెడ్యూలులో ఉన్నదేమిటి? వైఎస్సార్ జిల్లాలో సమీకృత ఉక్కు కర్మాగారం పెట్టడం సాధ్యమా కాదా అని సెయిల్ సంస్థ ఆరు నెలల్లో పరిశీలించాలి. అంతే! పెళ్లి చేస్తామన్న మాట కాదది. జాతకాలు చూస్తామన్న మాట. 2018లో కేంద్రం సుప్రీంకోర్టులో అది సాధ్యపడేది కాదని చెప్పినప్పుడు మనకు పిడుగు పడ్డట్టయింది. చట్టం రాసినవాడికి మాత్రం ఏమీ కాలేదు. వాడు 'పరిశీలిస్తాం' అన్నాడు, పరిశీలించాడు, కాదన్నాడు. ఆ మాట అక్కడ పెట్టింది తెలివిగానే. దాన్ని 'ఇచ్చారు' అని చదివి, మోసాన్ని మోసంగా గుర్తించకుండా జనాన్ని నిద్రపుచ్చింది మనం. చట్టం పుట్టిన రోజే, 'పరిశీలించడం కాదు, పెట్టాలి' అని రోడ్డెక్కాల్సిన వాళ్లం. ఆ పని 2014లో చేయలేదు.

ఈలోపు రాళ్లు మాత్రం పడుతూనే ఉన్నాయి. 2007లో జమ్మలమడుగు ప్రాంతంలో బ్రహ్మణి పేరుతో రాజశేఖరరెడ్డి ఒక రాయి వేశారు. 2018 డిసెంబరులో కంబాలదిన్నె దగ్గర చంద్రబాబు ఒక రాయి. 2019 డిసెంబరులో సున్నపురాళ్లపల్లె దగ్గర జగన్ ఒక రాయి. 2023 ఫిబ్రవరిలో అదే సున్నపురాళ్లపల్లెలో, అదే ముఖ్యమంత్రి ఇంకో రాయి. ఊరి పేరులోనే రాళ్లున్నాయి, మళ్లీ కొత్తగా ఎందుకో! ప్రతి రాయి దగ్గరా ఒక ఉపన్యాసం, ప్రతి ఉపన్యాసంలోనూ 'విభజన హామీ' అన్న మాట. హామీ ఏ అక్షరాల్లో ఉందో చదివి వినిపించినవాడు ఒక్కడూ లేడు.

ప్రత్యేక హోదా సంగతీ అంతే. అది చట్టంలో లేదు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేసిన ప్రకటనలో ఉంది. రాయలసీమకు, ఉత్తరాంధ్రకు బుందేల్‌ఖండ్, కోరాపుట్-బొలంగీర్-కలహండి తరహా ప్యాకేజీ అన్న మాట కూడా ఆ ప్రకటనలోదే. ఆ తరువాత వచ్చింది ఏడాదికి జిల్లాకు 50 కోట్లు. హోదా కోసం రాష్ట్రమంతా గొంతు చించుకున్నప్పుడు, అదే ప్రకటనలో మన పేరు పెట్టి చెప్పిన ప్యాకేజీ గురించి ఎంతమంది సీమ నాయకులు నోరు విప్పారు? పక్కవాడి వాక్యం కంఠస్థం చేశాం. మన వాక్యం చదవనే లేదు.

అంకెల విషయంలో మన అజాగ్రత్త గురించి రాయాలంటే సిగ్గేస్తుంది. పోతిరెడ్డిపాడు సామర్థ్యం పెంచుతూ 2005లో ఉత్తర్వులిచ్చారు. 11,150 క్యూసెక్కుల నుంచి 44 వేల క్యూసెక్కులకు. మొన్న ఒక దీక్షా శిబిరంలో ఒక వక్త దాన్ని "44 వేల టీఎంసీలు" అన్నాడు. బచావత్ ట్రిబ్యునల్ లెక్కలో కృష్ణలో 75 శాతం నమ్మకంతో దొరికే నీళ్లన్నీ కలిపితేనే 2,060 టీఎంసీలు! 44 వేల క్యూసెక్కులు రోజంతా పారితే వచ్చేది నాలుగు టీఎంసీల కన్నా తక్కువ. ఆ పక్కరోజు అవతలి పత్రికలు ఏం రాశాయో చెప్పాలా? "సీమవాళ్లు కృష్ణనంతా తాగేస్తామంటున్నారు" అని. ఒక మనిషి నోరుజారితే నాలుగు జిల్లాల నోట్లో మన్ను పడింది.

తెలంగాణ సోదరుల్ని చూసి కుళ్లుకోవడం కాదు, నేర్చుకోవాలి. 1985లో వచ్చిన 610 జీవో వాళ్ల పల్లెల్లో గుమాస్తాకు తెలుసు, కూలికి తెలుసు, పాట కట్టేవాడికి తెలుసు. ముల్కీ నిబంధనలేమిటో, 1973 ఆరుసూత్రాల్లో ఏముందో ఉద్యోగ సంఘాలు అంకెలతో సహా చెప్పేవి. 2014లో రాష్ట్రం వచ్చిందంటే అందులో ఈ చదువుకు వాటా ఉంది. మన ఎన్జీవోల్లో ఎంతమందికి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో మనది నాలుగో జోన్ అన్న సంగతి, దాని కింద మన పిల్లలకు దక్కాల్సినదేమిటన్న సంగతి తెలుసు? బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడు తప్ప మనం జీవో చదవం.

బ్రహ్మంగారిమఠం కుర్రాళ్ల మీద మాకు కోపం లేదు. ఆ సాయంత్రం వాళ్లతో చాలాసేపు కూర్చున్నాం. ఒకడు వాదించాడు. "అన్నా, శ్రీబాగ్ అంటే ఎవడూ నిలబడడు, బ్రహ్మంగారంటే నిలబడతాడు" అన్నాడు. నిజమే, నిలబడతాడు. నిలబడి, దండం పెట్టి, పోతాడు. స్వామి చెప్పినాడు కాబట్టి అదే వస్తుందిలే అనుకుని ఇంటికి పోయి పడుకుంటాడు. ఇంతలోకి టీ అంగడి పెద్దాయన లాంటివాడు ఒక్కడు ప్రశ్న అడిగితే కట్టంతా పిగులుతుంది. పిల్లలు విన్నారు. ఒప్పుకున్నారో లేదో ఆరోజు తెలియలేదు.

నెల తర్వాత మళ్లీ పోయాం. కొత్త కరపత్రం తయారైంది. వైశాఖ శుద్ధ దశమికి, స్వామి ఆరాధన రోజు, మఠం దారిలో బల్ల వేసి పంచుతారట. ముందు వైపు శ్రీబాగ్ షరతులు, నెల్లూరు పేరుతో సహా. వెనక వైపు రెండు జీవోల నంబర్లు, రెండు నీటిమట్టాలు. బ్రహ్మంగారి పేరు ఎక్కడా లేదు. అదే టీ అంగడి, అదే పెద్దాయన. కుర్రాడు మొదటి వాక్యం బిగ్గరగా చదివాడు. రాజధాని, హైకోర్టు రెండింట్లో ఏది కావాలో కోరుకునే హక్కు రాయలసీమదని.

"ఇది గూడ స్వామే చెప్పినాడా?" అన్నాడు పెద్దాయన.

"లేదు తాతా. మన కడప కోటిరెడ్డి సంతకం పెట్టినాడు. కోస్తా పెద్దమనుషులు గూడ పెట్టినారు."

పెద్దాయన బీడీ ఆర్పి, కళ్లద్దాల కోసం జేబు తడుముకున్నాడు.

"యాడుండాది సంతకం? చూపీ."